మంచం దాకా వచ్చే ఎండ

సందులో ఇల్లు
జనవరి ఆఖరు

పంతులమ్మా,

నువ్వు ఊరెళ్లి పెట్టె దించావో లేదో, అప్పుడే ఉత్తరమా అని విసుక్కోకు. ఫోను చెయ్యొచ్చు. కానీ మాది ఒక్క గది. నేను గుసగుసలాడినా మీ అన్నయ్యకి వినబడుతుంది. పక్షవాతం ఆయన కాలూ చెయ్యీ మాటా తీసుకుంది గానీ చెవుల జోలికి పోలేదు. అన్నేళ్లు బస్సు నడిపిన మనిషి, వెనక ఏ సీటు కిర్రుమన్నా ఇట్టే పట్టేసే చెవులవి. అందుకే కాగితం.

సంగతేమిటంటే, ఎదురుగా ఉన్న పాత గోడౌను ఎవరో కొన్నారు. నిన్న రేకుల కప్పు విప్పేశారు. అయిదంతస్తులు లేపుతారట.

నువ్వున్నప్పుడు చూశావుగా. పొద్దెక్కేసరికి ఎండ కిటికీలోంచి లోపలికొచ్చి, నా కుట్టుబల్ల దాటి, నేలమీద పాక్కుంటూ మీ అన్నయ్య మంచమెక్కుతుంది. ఆయన పనిచేసే ఎడంచేత్తో పనిచెయ్యని కుడిచేతిని ఎత్తి అందులో పెట్టుకుంటారు. పెట్టుకుని నావైపు చూసి "అదిగో" అంటారు. ఆయనకి మిగిలిన మాట అదొక్కటేగా. ఆకలేసినా అదిగో, దుప్పటి జారినా అదిగో. కానీ ఎండలో చెయ్యి పెట్టుకుని అన్నప్పుడు మాత్రం దాని రుచే వేరు.

నాకూ ఆ ఎండే దిక్కు. రఫ్ఫు పని సంగతి నీకు తెలుసు. చిరిగిన చోట దారం దారంగా నేసి, అక్కడ చిరిగిందని ఎవరూ పట్టుకోలేకుండా చెయ్యాలి. బల్బు కింద నీలానికీ నలుపుకీ తేడా తెలిసి చావదు.

ఒక్కటి చెప్పు. ఎండాకాలంలో అంత మండిపోయే సూర్యుడు మా కిటికీ గట్టు దాటి లోపలికి రాడేం? చలికాలంలో నీరసంగా ఉండేవాడు మంచం దాకా ఎలా వస్తాడు? ఆ బిల్డింగు లేస్తే మాకు ఎండ ఉంటుందా? ఉంటుందని రాస్తే మీ అన్నయ్యకి చదివి వినిపిస్తాను. ఉండదని రాస్తే వినిపించను.

వదిన


బడి క్వార్టర్సు
ఫిబ్రవరి

వదినా,

ఇది వినిపించకు.

నా ఏడో తరగతి పిల్లలకి చెప్పినట్టే చెబుతాను, వెక్కిరించొద్దు. గది మధ్యలో దీపం ఉందనుకో. ఒక మనిషి తల ఒక పక్కకి వాల్చి దాని చుట్టూ నడుస్తున్నాడు. ఎక్కడున్నా అతని తల వాలేది ఒకే గోడ వైపు. దీపానికి ఒక పక్కన ఉన్నప్పుడు నడినెత్తి దీపం వైపు ఒరిగి ఉంటుంది. నడుచుకుంటూ ఎదుటి పక్కకి వెళ్లేసరికి అదే నెత్తి దీపానికి ఎడంగా ఉంటుంది. మెడ తిప్పలేదు, దీపం కదల్లేదు. భూమి చేసేది అంతే. మనమున్న సగం సూర్యుడి వైపు ఒరిగినప్పుడు ఆయన నడినెత్తికి ఎక్కుతాడు, అది ఎండాకాలం. ఎడంగా ఒరిగినప్పుడు మధ్యాహ్నం కూడా నెత్తికెక్కకుండా పక్కకి వాలి ఉంటాడు, అది చలికాలం. బాగా పైకెక్కే రోజు జూన్‌లో, బాగా కిందికి దిగే రోజు డిసెంబరులో. వాటిని అయనాంతాలంటాం. ఆ రెండింటి మధ్య, మార్చిలో ఒకటీ సెప్టెంబరులో ఒకటీ, పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు విషువత్తులు.

నడినెత్తి నుంచి పడే ఎండ కిటికీ గట్టు మీదే పడుతుంది. కింద నుంచి ఏటవాలుగా వచ్చే ఎండ గదంతా దాటి అన్నయ్య మంచం ఎక్కుతుంది. గోడౌను పొట్టిది కాబట్టి దాని నెత్తిమీద నుంచి వచ్చేది.

అయిదంతస్తులయితే రాదు వదినా. సెప్టెంబరు విషువత్తు నుంచి మళ్లీ మార్చి విషువత్తు దాకా మీకు ఎండ ఉండదు. ఎండాకాలంలో మాత్రం సూర్యుడు ఆ బిల్డింగు మీదకెక్కి మీ గట్టు మీద పడతాడు. ఎండ అక్కర్లేని రోజుల్లో ఉంటుంది, కావలసిన రోజుల్లో ఉండదు.

మనుషులుండే గదికి ఎండా గాలీ అడ్డుకోకుండా కట్టుకోవాలని పురపాలక నియమం ఒకటుంది. కనుక్కున్నాను. వెంటనే అర్జీ పెట్టు. అర్జీలో ఏం రాయాలో, బొమ్మ వేసి, విడిగా పంపుతున్నాను. బొమ్మలో మంచం మీద ఉన్నది అన్నయ్యే. గుమ్మడికాయలా ఉన్నాడని వాడితో అనకు.

నీ పంతులమ్మ


సందులో ఇల్లు
మార్చి

పంతులమ్మా,

అర్జీ ఇచ్చాను. కౌంటరులో కూర్చున్న ఆయన బొమ్మని తిరగేసి మరగేసి "ఇదేమిటమ్మా, గుమ్మడికాయా?" అన్నాడు. మా ఆయనండీ అన్నాను. ముద్ర వేసి తీసుకున్నాడు.

నువ్వు చెప్పిన సమానం రోజులు వచ్చేశాయి. ఎండ మంచం దిగిపోయి గది మధ్యలో ఆగింది. అందుకని మంచాన్ని నేనే ముందుకి జరిపాను. పక్కింటి వడ్రంగి ఒక చెయ్యి వేశాడు. మీ అన్నయ్య బస్సు కదిలినట్టే ఎడంచేత్తో గాల్లో స్టీరింగు తిప్పారు. ఎన్నాళ్లకో ముగ్గురం నవ్వాం.

ఎదురుగా పునాదులు తవ్వుతున్నారు. నిన్న కాంట్రాక్టరు తరఫున ఒక తెల్ల చొక్కా ఆయన వచ్చాడు. మర్యాదస్తుడే. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. "అమ్మా, మీరు అర్జీ పెట్టారని తెలిసింది. ఊరి చివర మాకో ఇల్లుంది. ముందు ఖాళీ జాగా, పొద్దంతా ఎండ. ఈ గది మాకిచ్చేసి మీరక్కడికి వెళ్లిపోండి, కాగితాలు మార్పించేస్తాం" అన్నాడు. ఆలోచించుకుంటామన్నాను. వెళ్తూ వెళ్తూ, "ఎండ కోసం పోట్లాడేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా" అన్నాడు. "మీ ఇంట్లో మంచం పట్టినవాళ్లు లేరేమో బాబూ" అన్నాను.

నిజం చెప్పనా, నాకు వెళ్లాలనే ఉంది. కాకపోతే నా బేరాలన్నీ ఈ సందులోనే. చిరిగిన కోటు పట్టుకుని ఊరి చివర దాకా ఎవరొస్తారు? మళ్లీ ఆలోచిస్తే, ఆయనకి ఎండ ఉంటే చాలదా అనిపిస్తుంది. మీ అన్నయ్యని అడిగితే "అదిగో" అన్నారు. వెళ్దామనో వద్దనో తేల్చుకోలేకపోయాను. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. నువ్వేమంటే అదే.

వదిన


బడి క్వార్టర్సు
ఏప్రిల్ మొదట్లో

వదినా,

వెళ్లొద్దు.

వాళ్లే వెతుక్కుంటూ వచ్చి ఇల్లిస్తామంటున్నారంటే నియమం మనవైపు ఉన్నట్టేగా? నువ్వు అన్నేళ్లు కూడబెట్టుకున్న బేరాలు ఎందుకు వదులుకోవాలి? అన్నయ్యకి ఆ సందులో ప్రతి అడుగుల చప్పుడూ తెలుసు. ఊరి చివర వాడికి ఎవరి చప్పుడు తెలుస్తుంది?

ఒక్క విషయం జాగ్రత్త. ఇప్పుడు విషువత్తు దాటాం కాబట్టి పగలు దూకుడుగా పెరుగుతోంది. రోజురోజుకీ సూర్యుడు పైకెక్కడం నీకే తెలుస్తుంది. జూన్ దగ్గరికొచ్చేసరికి ఆ దూకుడు తగ్గిపోతుంది. అయనాంతం ముందూ వెనకా కొన్నాళ్లు ఆయన ఎక్కడమూ దిగడమూ లేకుండా నెత్తిమీదే నిలబడ్డట్టు ఉంటుంది. ఆ రోజుల్లో తనిఖీకి వచ్చారంటే మన పని అయినట్టే. ఎంత బిల్డింగు లేచినా గట్టు మీద ఎండ కనిపిస్తుంది. తనిఖీ చలికాలంలోనే చెయ్యాలని, లేదా కనీసం లెక్క కట్టి చూడాలని మళ్లీ రాయించు. కౌంటరు దగ్గర నోటితో కూడా చెప్పు.

అన్నయ్యతో చెప్పు, మంచాన్ని మరీ కిటికీ దాకా తోలెయ్యొద్దని. బ్రేకు వెయ్యమను.

నీ పంతులమ్మ


సందులో ఇల్లు
జూన్ ఆఖరు

పంతులమ్మా,

తనిఖీ అయిపోయింది. నువ్వు ఏ రోజుల్లో రాకూడదన్నావో సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చారు. మిట్టమధ్యాహ్నం.

రాత్రీ పగలూ పనిచేసి అప్పటికే ఎదురుగా అయిదో అంతస్తు స్లాబు కూడా వేసేశారు. గోడలు లేవు, స్తంభాలూ పలకలూ మాత్రం ఆకాశాన్ని అడ్డంగా కోసినట్టున్నాయి. వచ్చిన అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. గొడుగు ముడిచి మూల పెట్టాడు, మంచినీళ్లడిగి తాగాడు, మీ అన్నయ్య కాళ్లవైపు చూసి "ఎన్నాళ్లయిందమ్మా" అని అడిగాడు. తరవాత కిటికీ దగ్గరికెళ్లాడు. గట్టు మీద ఎండ ఉంది. ఉంటుందని నువ్వు చెప్పనే చెప్పావుగా. జేబులోంచి పెన్సిలు తీసి గట్టు మీద నిలబెట్టాడు. నీడ పడింది, చిటికెన వేలంత.

"ఎండ ఉందిగా అమ్మా" అన్నాడు.

"ఇప్పుడుంటుందండీ. చలికాలంలో ఉండదు. మా ఆడపడుచు పంతులమ్మ, లెక్కలన్నీ రాసి పంపింది" అని నీ ఉత్తరం చదవబోయాను. నీ ఎదురుగా ధైర్యంగానే చదువుతాను, ఆయన ముందు నాలిక మడతపడింది. దీపం, మెడ, గోడ అని ఏదో గొణిగాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "మీరు చెప్పేది నాకు తెలుసమ్మా. కానీ నేను చూసింది రాయాలి. చూడబోయేది రాస్తే పైవాళ్లు ఊరుకోరు" అన్నాడు.

అప్పుడు మీ అన్నయ్య చెయ్యెత్తారు. ఎడంచెయ్యి. తన మంచాన్ని చూపించారు, దుప్పటి మీద కొట్టి మరీ చూపించారు. ఎండ ఇక్కడికి రావాలి నాయనా అని చెబుతున్నారు. నాకు తెలుస్తూనే ఉంది. మొహమంతా కందిపోయింది. తరవాత ఆ చేతినే కిటికీ వైపు చాచారు. నోరు తెరిచి, ఉన్న బలమంతా పెట్టి, "అదిగో... అదిగో..." అన్నారు.

ఆ అధికారి నావైపు తిరిగి నవ్వాడు. "చూశారా, పెద్దాయనే చూపిస్తున్నారు, అదిగో ఎండ అని."

కాదండీ, ఆయనకి ఆ మాట ఒక్కటే వచ్చండీ, ఆయన చెప్పేది అది కాదండీ అన్నాను. అన్నానా అసలు? ఏమో, మనసులో అనుకున్నానేమో. ఆయన రాసుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి మీ అన్నయ్య నోరు తెరవడం లేదు. ఆకలేసినా అడగడం లేదు. ఉన్న ఆ ఒక్క మాటా మూసేసుకున్నారు.

వదిన


బడి క్వార్టర్సు
జులై

వదినా,

నీ ఉత్తరం చదివి పాఠం చెప్పలేకపోయాను. తరగతిలో ఎండాకాలం ఎందుకొస్తుందని అడిగితే సగం మంది భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందన్నారు. అందరూ అనుకునేది అదే. నిజానికి ఈ నెలలోనే మనం సూర్యుడికి మిగతా ఏడాదికంటే దూరంగా ఉంటాం. దూరం కాదు, ఒంపు అని బోర్డు మీద రాసి, వెనక్కి తిరిగి ఏడ్చాను. పిల్లలు సుద్దపొడి కళ్లల్లో పడిందనుకున్నారు.

నేనే ఆ కార్యాలయానికి రాశాను, గట్టిగానే రాశాను. జవాబు వచ్చింది. డిసెంబరు అయనాంతం రోజుల్లో మళ్లీ తనిఖీ చేస్తామన్నారు. ఆ మాట అన్నయ్యతో చెప్పు. మళ్లీ వస్తారట, ఈసారి మంచం వైపే చూస్తారట అని చెప్పు. అప్పటికి నేనూ సెలవు పెట్టి వస్తాను. అధికారి ముందు చదవాల్సిన పని నీకుండదు, నేనే మాట్లాడతాను.

ఊరి చివరి ఇల్లు ఇంకా ఇస్తారేమో ఒకసారి కనుక్కోకూడదూ? కనుక్కోమంటున్నానంతే.

నీ పంతులమ్మ


సందులో ఇల్లు
సెప్టెంబరు

పంతులమ్మా,

అందరం కులాసా. మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

ఆ ఇల్లు ఎప్పుడో వేరేవాళ్లకి ఇచ్చేశారు. తెల్ల చొక్కా ఆయన దారిలో కనబడితే అడిగాను. "అప్పుడే రావలసిందమ్మా" అన్నాడు. ఎగతాళిగా కూడా అనలేదు.

ఎదురింటికి రంగులు వేశారు. లేత పసుపు. కింది అంతస్తుల్లో మనుషులు దిగుతున్నారు. మొన్నటిదాకా మధ్యాహ్నం కాసేపు గట్టు మీద ఒక గీతలా ఎండ పడేది, మీదున్న నీళ్ల ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య సందులోంచి. నిన్నటి నుంచి అదీ లేదు. నీ లెక్క తప్పలేదు.

నల్ల కోటు వకీలు ఒకాయన తన కోటు తెచ్చి నా మొహాన పడేసి వెళ్లాడు. మోచేతి దగ్గర నేను నేసిన చోట నీలం దారమట. కోర్టులో ఎవరో చూసి నవ్వారట. బల్బు కింద నాకు నలుపులాగే కనబడింది మరి. విప్పి మళ్లీ చేస్తున్నాను, వీధిలోకి వెళ్లి అరుగు మీద కూర్చుని. అక్కడా నీడే, కాకపోతే ఆకాశం కనబడుతుంది.

నువ్వు శ్రమపడి రావద్దు. నీ సెలవులు నీకుంచుకో.

వదిన


బడి క్వార్టర్సు
అక్టోబరు

వదినా,

"అందరం కులాసా" అని నువ్వు ఏనాడైనా రాశావా? అదేం మాట, తంతి కార్యాలయంలో అచ్చు వేసినట్టు. ఏం దాస్తున్నావు?

నేను డిసెంబరులో వస్తున్నాను, నువ్వు వద్దన్నా వస్తాను. తనిఖీ తేదీ ఖాయమైందని మళ్లీ రాశారు. ఈసారి ఎండ లేదని వాళ్ల కళ్లతోనే చూస్తారు.

అన్నయ్య మళ్లీ మాట్లాడుతున్నాడా? అది ఒక్కటే రాయి, చాలు.

నీ పంతులమ్మ


పెద్దాసుపత్రి, మగవాళ్ల వార్డు వరండా
నవంబరు

పంతులమ్మా,

రాయమన్నావుగా, రాస్తున్నాను.

జూన్ తరవాత మీ అన్నయ్య నోట ఒక్క మాట లేదు. సెప్టెంబరులో ఎండ పోయాక తిండి తగ్గించేశారు. గదిలో చెమ్మ ఎక్కింది. మంచం పక్క గోడ తడిమితే వేళ్లకి తడి అంటుకుంటోంది. అక్టోబరులో దగ్గు పట్టుకుంది, అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. వీపు కింద పుళ్లు పడ్డాయి. ఎండలో కూర్చోబెడితే ఆరతాయని డాక్టరమ్మ అంది. ఎక్కడ కూర్చోబెట్టను? ఈ వార్డు కిటికీలన్నీ ఉత్తరం వైపు.

నీకు చెప్పకపోవడానికి కారణం నీమీద జాలి కాదు. కోపం. నువ్వు వెళ్లొద్దన్నావు. నియమం మనవైపు ఉందన్నావు. నువ్వా మాట అనకపోయి ఉంటే ఈపాటికి ఆయన ఊరి చివర అరుగు మీద ఎండలో ఉండేవారు. బేరాలు పోతే పోయేవి. నేను గిన్నెలు తోమి అయినా బతికించుకునేదాన్ని.

రాసేశాను. కొట్టెయ్యబోయి ఆగాను. ఉండనీ.

ఇంకో మాట. డిసెంబరు దాటితే పగలు పెరుగుతుందని రాయకు. ఆ మాట ఇక్కడ ప్రతివాళ్లూ చెబుతున్నారు. నర్సూ చెప్పింది, పక్క మంచం ఆయన కొడుకూ చెప్పాడు. పెరుగుతుంది సరే, ఎవరి గదిలో?

వదిన


బడి క్వార్టర్సు
నవంబరు ఆఖరు

వదినా,

నువ్వన్నది నిజం.

శనివారం పొద్దుటి బస్సుకి బయలుదేరుతున్నాను. అన్నయ్యకి చెప్పు. వినబడుతుందిగా.

నీ పంతులమ్మ


సందులో ఇల్లు
డిసెంబరు

పంతులమ్మా,

నువ్వు రాత్రంతా మేలుకుని ఇప్పుడే ఆ మూల చాప మీద నిద్రపోయావు. నిన్ను లేపి చెప్పే ఓపిక లేక, ఎదురుగా ఉండగానే ఈ కాగితం రాసి నీ సంచిలో పెడుతున్నాను. ఊరెళ్లాక చదువుకో.

ఆసుపత్రిలో నువ్వు మందులు తేవడానికి వెళ్లినప్పుడే ఆయన పోయారు. నా చెయ్యి పట్టుకున్నారని, ఏదో చెప్పబోయారని అందరితో అన్నాను. చెప్పబోలేదు. గోడవైపు తిరిగి ఉన్నారు. నేను ఆయన కుడిచేతిని ఎత్తి నా ఒళ్లో పెట్టుకున్నాను. అది బతికున్నప్పుడూ అంతే బరువు, పోయాకా అంతే బరువు. అందుకే ఎప్పుడు పోయారో నాకు తెలియలేదు.

తనిఖీకి వస్తారని నువ్వు వెళ్లకుండా ఉండిపోయావు. ఇప్పుడెందుకది? ఉంటే ఉండు. నేను మాత్రం వాళ్లు వచ్చినప్పుడు ఆ గదిలో ఉండను.

వదిన


బడి క్వార్టర్సు
జనవరి

వదినా,

నీ కాగితం బస్సులోనే చదివాను.

తనిఖీ రోజు నువ్వు బయట మెట్ల మీద కూర్చుండిపోయావు, లోపల ఏం జరిగిందో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పాలి.

అదే అధికారి. మిట్టమధ్యాహ్నమే వచ్చాడు. లైటు వెయ్యకుండా ఉంచాను. గుమ్మంలో నిలబడి కాసేపు ఏమీ కనబడక కళ్లు చికిలించాడు. నేను నేర్చుకున్నదంతా చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అయనాంతం, కోణం, నీడ పొడవు, అన్నీ. ఏదీ చెప్పాల్సిన పని పడలేదు. పెన్సిలు తీసి గట్టు మీద నిలబెట్టాడు. నీడ లేదు. జేబులో పెట్టేసుకున్నాడు. "పెద్దాయనేరీ?" అన్నాడు. చెప్పాను. అతను మంచం వైపు చూశాడు. నువ్వు పరుపు తీసేశావుగా, చెక్కలే ఉన్నాయి. తరవాత రాసి, నాకు చూపించి సంతకం పెట్టాడు.

"గదిలోకి ఎండ రావడం లేదు. అర్జీలో చెప్పిన విషయం వాస్తవం. అయితే గదిలో ప్రస్తుతం రోగి ఎవరూ లేనందున అత్యవసర చర్య అవసరం లేదు."

"ఇలా రాస్తారేమిటండీ" అన్నాను. "ఉన్నది రాశానమ్మా" అన్నాడు.

అయనాంతం దాటింది. నువ్వు వద్దన్న మాట నేను రాయను. నిజం కూడా అది కాదు. పగలు పెరుగుతున్నా, పొద్దుటిపూట ఇంకొన్నాళ్లు సూర్యుడు ఆలస్యంగానే వస్తాడు. భూమి పోగొట్టుకున్న వేడి మళ్లీ కూడడానికి వారాలు పడుతుంది. అందుకని ఇప్పటినుంచే అసలు చలి. పిల్లలు ఇది విని "మరి సూర్యుడు వెనక్కి తిరిగి లాభమేంటి టీచర్" అన్నారు.

వచ్చెయ్, వదినా. ఇక్కడ రెండు గదులున్నాయి. నన్ను తిట్టుకుంటూ అయినా ఇక్కడే ఉండు.

నీ పంతులమ్మ


సందులో ఇల్లు
ఫిబ్రవరి

పంతులమ్మా,

ఆ రోజు మెట్ల మీద కూర్చున్నప్పుడు అధికారి కిందికి దిగుతూ నా పక్కన ఆగాడు. "మీ ఆడపడుచుకి జులైలోనే రాశామమ్మా. మళ్లీ తనిఖీ చేసినా లేచిన బిల్డింగు కూల్చడం ఉండదని. ఆవిడ చెప్పలేదా?" అన్నాడు. చెప్పిందండీ అన్నాను.

నీమీద కోపంతో రాయడం లేదిది. నువ్వు ఎందుకు దాచావో నాకు తెలుసు. మీ అన్నయ్య ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉండాలని. నేను ఆయన జబ్బు నీకు దాచాను, నువ్వు ఇది నాకు దాచావు. మధ్యలో ఆయన ఒక్కరే ఏదీ దాచుకోలేని మనిషి. నవంబరులో రాసింది వెనక్కి తీసుకోమంటే తీసుకోలేను. నువ్వూ అడగలేదు, మంచిది.

నేను రాను. అక్కడికొచ్చి ఏం చెయ్యను? పొద్దున నువ్వు బడికెళ్తే సాయంత్రం దాకా నీ గోడలతో మాట్లాడాలి. ఇక్కడ నా గోడలున్నాయి.

నిన్న ఒకటి జరిగింది. ఎదుటి బిల్డింగు నాలుగో అంతస్తులో ఒక అమ్మాయి కొత్తగా దిగింది, చంటిదాంతో. నా బోర్డు చూసి వచ్చింది. వాళ్లమ్మ శాలువా ఒకటి చిరిగిందట, ఎర్రటిది, పాత రంగు. గదిలో చూస్తే ఆ ఎరుపు ఏ ఎరుపో తేలలేదు. ఆ పిల్ల "మా బాల్కనీలో మంచి ఎండండీ, పైకొచ్చి చూడండి" అంది. తెలియక అంది. దానికేం తెలుసు?

వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. మెట్లెక్కుతూ ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పీట వేసింది. మా కిటికీకి రావలసిన ఎండంతా అక్కడుంది. పిల్లగుడ్డలు ఆరేసి ఉన్నాయి. చంటిది చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తోంది. నా వీపంతా వెచ్చబడింది, పంతులమ్మా. ఎముకల్లోకి దిగింది. హాయిగా ఉంది. హాయిగా ఉందని తెలిసి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. సూదిలో దారం ఎక్కడం లేదన్నట్టు తల వంచేసుకున్నాను.

దారం సరిపోయింది. కుడుతూ ఉంటే ఆ పిల్ల పక్కన కూర్చుని, "మీ ఇల్లు ఏదండీ, ఇక్కడి నుంచి కనబడుతుందా?" అని అడిగింది. కింద కిటికీ చూపించాను. కటకటాల మీదుగా వంగి చూసింది.

"అదా? అక్కడ ఎవరూ ఉండరనుకున్నానండీ. ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది" అంది.

"నేనుంటానమ్మా" అన్నాను.

శాలువా పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. తరవాత కిందికి దిగి వచ్చేశాను.

వదిన